తొమ్మిది సీసాల చీటీ

మచిలీపట్నం
9 డిసెంబరు 2024, సోమవారం

ఈ రోజు పనులు: ఇడ్లీపిండి రుబ్బడం. దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేయడం. కొత్త బియ్యం ఒక బస్తా జల్లించి డ్రమ్ములో పోయడం. సీసాలు తొమ్మిది నానబెట్టి, కాగితాలు ఊడదీయడం. కూర బీరకాయ. మిగిలింది ఈ ఉత్తరం.

రజని వదినగారికి,

నమస్కారాలు. మీరు పంపిన గోంగూర చేరింది. ఎనిమిది కట్టలన్నారు, ఏడే ఉన్నాయి. తెచ్చిన లక్ష్మయ్యగారిని అడిగితే గుడివాడ బస్టాండులో ఒకటి మేక తినేసిందన్నారు. ఆయన చొక్కా జేబు కూడా సగమే ఉంది కాబట్టి నమ్మాను. మీ తమ్ముడి గుమాస్తాగా ఆయన రోజూ గుడివాడ నుంచి కోర్టుకి రావడం మనకి ఎంత మేలో చూడండి. ఉదయం ఉత్తరం ఇస్తే సాయంత్రానికి మీ చేతిలో ఉంటుంది. ఫోన్లో చెబితే మీ ఇంట్లో అన్నయ్యగారు స్పీకరు పెడతారు. మొన్న నా మోకాలి నొప్పి సంగతి చెప్పాక మీ వీధి వాళ్లు ముగ్గురు తైలం పంపారు. పైగా దయామణిగారి అక్క మీ ఎదురింట్లోనే ఉంటుంది, ఇప్పుడు రాయబోయే విషయం ఆవిడ చెవిన పడకూడదు.

మా బాబ్జీ అన్నయ్యగారు మీకు తెలుసు కదా, మీ తమ్ముడితో చదువుకున్నాయన, ఓడల్లో వంటమనిషిగా చేసి రిటైరయ్యారు. ఫ్రాన్సులో బోర్డో అనే రేవులో ఓడ ఆగినప్పుడల్లా ఒకే తోట వాళ్ల ద్రాక్షసారా కొనేవారట. సంవత్సరానికో సీసా చొప్పున తొమ్మిది. ఆయన భార్య దయామణిగారు వాటిని గడప దాటనివ్వలేదు. అందుకని ఇరవై ఏళ్లుగా మా చీకటి గదిలో, పెట్టెలో ఊక పోసి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఉంచాము.

పోయిన నెల మా ఇంట్లో భోజనం చేస్తూ ఆయన, "ఏ ఏడాదిది ఆ ఏడాదిదే చెల్లెమ్మా. నాలుక మీద వేస్తే చాలు, చెప్పేస్తాను" అన్నారు.

దయామణిగారు మజ్జిగ పోసుకుంటూ, "అదే తోట, అదే ద్రాక్ష. ఏడాదికో రుచంటే ఎవరు నమ్ముతారండీ?" అన్నారు.

మీ తమ్ముడు ఊరుకోకుండా, "పాత బియ్యానికీ కొత్త బియ్యానికీ తేడా లేదూ?" అన్నారు.

అక్కడ పందెం పడింది. సీసాల మీద కాగితాలు కనపడకూడదు. అన్నీ రుచి చూసి, వాళ్ల పెళ్లయిన ఎనభై ఆరుది ఏదో చెప్పగలిగితే ఆవిడ కూడా ఒక గ్లాసు తాగుతుంది. చెప్పలేకపోతే అన్నీ కొబ్బరిచెట్టుకే. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా ఆవిడ పక్కన కూర్చుని ఒక గుక్క తాగాలని ఆయన కోరిక.

న్యాయం చెప్పే పని నాకు అప్పగించారు. మీ తమ్ముడు సీసాలకి పేపరు చుట్టమన్నారు. చుట్టిన పేపరు విప్పి చూసే మనిషి ఈ ఇంట్లోనే ఉన్నారు. అందుకని పచ్చడి సీసాలకి చేసినట్టే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కాగితాలు మొత్తం ఊడదీశాను. కాగితం ఊడిన సీసాకి ఊడినట్టే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు అంటించి, ఏ అంకె ఏ సంవత్సరమో ఒక చీటీ మీద రాసి బియ్యం డ్రమ్ములో దాచాను. సీసాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆ చీటీ తప్ప వేరే ఆధారం లేదు.

విందు ఆదివారం. సోమవారం నుంచి ధనుర్మాసం, మా ఇంట్లో నీచు ఉండదు. ఆ తర్వాత వాళ్లకి క్రిస్మస్ పనులు. కాబట్టి వాయిదా కుదరదు.

మీరు అడిగిన మీ తమ్ముడి షుగరు చీటీ ఇందులో పెడుతున్నాను. పరగడుపున చూసినవి, తొమ్మిది రోజులవి.

మీ మరదలు
రాధాకుమారి


గుడివాడ
10 డిసెంబరు, మంగళవారం

రాధా,

ఆశీస్సులు. నీ ఉత్తరం రాత్రి ఏడింటికి అందింది. కళ్లజోడు కోసం వెతికే ఓపిక లేక ముందు చీటీయే చూశాను. ఎనభై తొమ్మిది, తొంభై అయిదు, ఎనభై ఆరు. ఒక్కటి కూడా వంద దాటలేదు. నా కళ్లని నేనే నమ్మలేదు. మీ అన్నయ్యగారి చేత కూడా చదివించాను.

వాడికి షుగరు వందలోపు వస్తే ఆ చీటీని మా వీధి ఆంజనేయస్వామికి సమర్పించి, తొమ్మిది కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను. మంచిపని ఆలస్యం చేయకూడదు కదా, ఈ రోజు మంగళవారం కూడా కలిసొచ్చింది. పొద్దున్నే తలంటుకుని వెళ్లి, చీటీకి పసుపు రాసి, నూట పదహార్లతో కలిపి హుండీలో వేసేశాను. పూజారిగారు కూడా సంతోషించారు. ఆయనది రెండు వందల పది అట పాపం.

వాడికి ఒక కేజీ సున్నుండలు పంపుతున్నాను. భయం లేకుండా తిననివ్వు. లక్ష్మయ్య చేతికి ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇచ్చాను, ఇరవై ఎనిమిది.

నాకు ఒక్క విషయం అర్థం కాలేదు. బోర్డో అంటే మనం కొబ్బరిచెట్లకి కొట్టే మైలతుత్తం, సున్నం మందు కదా? దాన్ని తాగుతారా? ఓడిపోతే కొబ్బరిచెట్టుకి పోస్తారన్నావు, అది సరే. గెలిస్తే దయామణికి పోయడం ఏమిటి? ఆవిడ మంచి మనిషి. మీ అన్నయ్యగారు దానికి విరుగుడు మజ్జిగంటున్నారు. ఒక చెంబు పక్కన ఉంచుకో.

నీ వదిన
రజని


మచిలీపట్నం
11 డిసెంబరు, బుధవారం

ఈ రోజు పనులు: ఏమీ జరగలేదు. అన్నం మాడింది.

వదినగారికి నమస్కారాలు.

సున్నుండలు అందాయి. ఇరవై ఆరు ఉన్నాయి. ఈసారి మేక సంగతి నేను అడగలేదు.

మీ ఉత్తరం చదివి బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి చీటీ బయటికి తీశాను. దాని మీద నూట అరవై ఎనిమిది, నూట ఎనభై ఒకటి, నూట యాభై తొమ్మిది అని ఉన్నాయి. వదినగారూ, మీ తమ్ముడి షుగరు బియ్యంలో ఉంది. మీరు స్వామికి సమర్పించినవి ద్రాక్షసారా సంవత్సరాలు.

తప్పు పూర్తిగా నాదే. ఇంట్లో చీటీలన్నీ పాత కోర్టు కాగితాల వెనకవైపు, ఒకే కొలతకి కత్తిరించి పెట్టుకుంటాను. అలా ఉంటే దొంతి చక్కగా ఉంటుంది. రెండిటిలోనూ తొమ్మిది వరసలే. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఈ ఇంట్లో ఒక సూది పోయిందన్న మాట లేదు.

ఏ సీసా ఏ సంవత్సరమో నాకు గుర్తులేదు. పక్షపాతం ఉండకూడదని కళ్లు మూసుకుని కలిపి మరీ అంకెలు వేశాను. కాగితాలు దండెం మీద ఆరేసి ఇంటి లెక్కల పుస్తకంలో దాచాను గానీ, తొమ్మిదింటి మీదా అదే మేడ బొమ్మ, ఏ కాగితం ఏ సీసాదో తెలియదు.

బోర్డో అనేది ఊరి పేరు. చెట్ల మందు కూడా ఆ ఊళ్లోనే పుట్టిందని మీ తమ్ముడు చెప్పారు. తాగేది వేరే.

మీరు దయచేసి పూజారిగారిని అడిగి ఆ చీటీ తీయించండి. చీటీ లేదని తెలిస్తే దయామణిగారు పందెం చెల్లదంటారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసిన మనిషి. బాబ్జీ అన్నయ్యగారు ఇప్పటికే కొత్త చొక్కా కుట్టించుకున్నారు.

సున్నుండలు డబ్బాలో పెట్టి తాళం వేశాను.

రాధాకుమారి


గుడివాడ
13 డిసెంబరు, శుక్రవారం

రాధా,

జరిగింది జరిగినట్టు రాస్తాను, నన్నేమీ అనకు.

హుండీ తాళం మూడు నెలలకోసారి ఎండోమెంట్సు వాళ్లు వచ్చి తీస్తారట. పూజారిగారు, "నా చేతుల్లో ఏముందమ్మా, మీ వాళ్ల షుగరు దేవుడి దగ్గరే క్షేమంగా ఉంటుంది" అన్నారు. నేను వచ్చేశాను. కానీ మీ అన్నయ్యగారికి అలాంటి మాట వింటే ఊరుకోబుద్ధి కాదు. మధ్యాహ్నం గుడి ఖాళీగా ఉన్నప్పుడు చీపురుపుల్లకి పనసజిగురు పూసి హుండీలో దూర్చారు. చీటీ ఒకటి వచ్చింది. తీరా చూస్తే ఎవరో పిల్లవాడు ఇంటర్ పాసవ్వాలని రాసుకున్నది. మళ్లీ లోపల వేశారు. రెండోసారి పది రూపాయల నోటు వచ్చింది. సరిగ్గా అప్పుడే పూజారిగారు వచ్చారు.

"ఏంటండీ శ్రీకృష్ణగారూ, ఇంత వయసొచ్చాక ఇదేం పని" అన్నారట. ఈయన తడబడి, "వేస్తున్నానండీ, తియ్యట్లేదు" అన్నారట. నిజమని చూపించడానికి జేబులో ఉన్న అయిదు వందలూ వేయాల్సి వచ్చింది.

నీకు పనికొస్తుందేమోనని ఒకటి చెబుతున్నాను. హుండీలో వేసే ముందు నేను సగటు కట్టాను. ఎనభై ఎనిమిది చిల్లర వచ్చింది. మొదటి మూడూ గుర్తున్నట్టే ఉన్నాయి, ఎనభై తొమ్మిది, తొంభై అయిదు, ఎనభై ఆరు అని నీకు రాశాను కూడా. అయితే పై నుంచి కిందికి చదివానో కింది నుంచి పైకి చదివానో మాత్రం చెప్పలేను. అప్పుడు నాకు కళ్లజోడు లేదు కదా, చీటీ తలకిందులుగా ఉంటే తిప్పి పట్టుకున్నాను. మీ అన్నయ్యగారేమో మొదటిది తొంభై ఆరు అంటున్నారు.

మొక్కు ముందే చెల్లించేశాను కాబట్టి, వాడి షుగరు తగ్గించే పూచీ ఇక స్వామిదే. అయినా నువ్వు కూడా కాస్త చూడు.

రజని


మచిలీపట్నం
16 డిసెంబరు, సోమవారం

ఈ రోజు పనులు: గిన్నెలు నలభై రెండు తోమించడం. గాజు గ్లాసులు నేనే కడగడం. టేబుల్ గుడ్డ నానబెట్టడం, మరక పోలేదు. వాకిట్లో ధనుర్మాసం మొదటి ముగ్గు. బిరడాలు కడగడం, తొమ్మిది.

వదినగారికి నమస్కారాలు.

విందు జరిగింది. వరసగా రాస్తాను.

నాగాయలంక నుంచి పీతలు తెప్పించాను. రొయ్యల ఇగురు, బొమ్మిడాయల పులుసు, మినపగారెలు చేశాను. వచ్చినవాళ్లు బాబ్జీ అన్నయ్యగారు, దయామణిగారు, అత్తరు దుకాణం సర్దార్ గారు. సర్దార్ గారు తాగరు. "వాసన చూస్తే తప్పు లేదమ్మా, అది నా వృత్తి" అని రోజ్‌మిల్క్ గ్లాసుతో కూర్చున్నారు.

చీటీ లేదని చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. బాబ్జీ అన్నయ్యగారి కొత్త చొక్కా చూసి రెండుసార్లూ గారెలు వడ్డించాను. ఆఖరికి నా దగ్గర ఉన్న చీటీనే, అంటే మీ తమ్ముడి షుగరు చీటీనే, చేతిలో పట్టుకుని టేబుల్ చివర కూర్చున్నాను. ఆయన ఏం చెబితే దానికి తల ఊపుదామనుకున్నాను. ఇలాంటి పని నేనెప్పుడూ చేయలేదు.

ఆయన ఒక్కో సీసా వంటింటి గట్టు మీద పెట్టి, మాకు వీపు పెట్టి, మెలికల మేకుతో బిరడా లాగేవారు. దాన్ని చాలాసేపు వాసన చూసేవారు. వచ్చి కూర్చుని, ఒక గుక్క నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని సంవత్సరం చెప్పేవారు. నేను చీటీ చూసి తల ఊపేదాన్ని.

మొదటిది ఎనభై తొమ్మిదన్నారు. మీ తమ్ముడు పాత నేరేడుపళ్లలా ఉందన్నారు. సర్దార్ గారు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "వానలో తడిసిన తోలు చెప్పులు, కొంచెం లవంగం" అన్నారు. అందరం మళ్లీ వాసన చూశాం. చెప్పులే. రెండోది తొంభై అయిదన్నారు, అది తడిసిన గోనెసంచి. మూడోది నోట్లో వేసుకోగానే బాబ్జీ అన్నయ్యగారి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. "ఎనభై మూడు. పులిసిపోయింది, ఎవరూ తాగకండి" అని పక్కకి నెట్టేశారు. పారేయడం ఎందుకని ఆ సీసా నేను లోపల పెట్టాను.

నాలుగోదానికి మీ తమ్ముడు నా భుజం మీదుగా చీటీలోకి తొంగి చూశారు. "రాధా, నూట ఎనభై ఒకటో సంవత్సరం ఏంటి?" అన్నారు గుసగుసగా. మరుక్షణం ఆ అంకె ఎక్కడిదో ఆయనకే తెలిసింది. ఆ తర్వాత గ్లాసు ముట్టుకోలేదు, అన్నం కూడా రెండు చెంచాలు మాత్రమే అడిగి వేయించుకున్నారు. కాబట్టి మీ స్వామి పని మొదలుపెట్టినట్టే.

అయిదో సీసా. బాబ్జీ అన్నయ్యగారు ఒక గుక్క తాగి, ఇంకో గ్లాసు నింపి దయామణిగారి ముందు పెట్టారు. తర్వాత, "ఇదే దయా. ఎనభై ఆరు" అన్నారు. నేను తల ఊపాను. గ్లాసు మీద సర్దార్ గారు వంగి, "ఆహా, పాత పుస్తకాల బీరువా, ఎండబెట్టిన గులాబీ" అన్నారు. దయామణిగారు ఆయన్నీ, గట్టు మీద బిరడానీ, నన్నూ ఒకసారి చూశారు. గ్లాసు తీసుకుని మొత్తం తాగేశారు. "చింతపండు చారుకి దగ్గర్లో ఉంది, బాగానే ఉంది" అన్నారు. బాబ్జీ అన్నయ్యగారు కళ్లు తుడుచుకుని పీతల ఘాటన్నారు. పీతలు ఇంకా వడ్డించలేదు.

ఇప్పుడు అసలు విషయం. బిరడాలు ఎందుకైనా పనికొస్తాయని, తీసినవి తీసినట్టు ఇడ్లీరేకుల గుంటల్లో అంకెల వరసలో పెట్టాను. పొద్దున కడుగుతుంటే వాటి పక్కల మీద ఏదో అచ్చు కనిపించింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే ప్రతి బిరడా మీదా సంవత్సరం ఉంది. నా చీటీ రాత్రంతా ఇడ్లీరేకుల్లోనే ఉంది వదినగారూ. ఆ వాసన చూడడం వాసన కోసం కాదు, చదవడం కోసం.

అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి, రెండు తప్ప. మూడో సీసా ఎనభై ఆరు. అయిదోది ఎనభై మూడు.

నేను అవి పట్టుకుని నిలబడి ఉండగా దయామణిగారు పులుసుగిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చారు. దాచే వీలు లేకపోయింది.

"నేను రాత్రే బిరడా చదివానండీ. బ్లాక్‌బోర్డు దగ్గర నుంచి చివరి బెంచీ పిల్లల పలకలు చదివిన కళ్లు కదా" అన్నారు.

"మరి ఎందుకు తాగారు?"

"మా పెళ్లి ఏడాదిది పులిసిపోయిందని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. దానికోసం ఓ అబద్ధం ఆడారు. మీరు కూడా ఆడారు కదా, చేతిలో మీవారు గోపాలకృష్ణగారి షుగరు పట్టుకుని. నేను మీ ఎదురుగా కూర్చున్నానండీ, వెలుతురుకి కాగితం వెనక నుంచి అంకెలు కనపడ్డాయి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ నవ్వి, ఆ పులిసిన మూడో సీసా ఏదని అడిగారు. "పెళ్లి ఏడాదిది పారేస్తామా, వెనిగర్ అయితే వెనిగరే" అని కాఫీపొడి సీసాలో పోయించుకుని పట్టుకెళ్లారు. ఆయనకి చెప్పొద్దన్నారు.

లెక్కల పుస్తకంలో ఇలా రాశాను. దయామణిగారు, ఒక గ్లాసు, తాగారు. బాబ్జీ అన్నయ్యగారు, నాలుకతో ఒక సంవత్సరం, బాకీ.

రాధాకుమారి


గుడివాడ
18 డిసెంబరు, బుధవారం

రాధా,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి సగమే చదివి వినిపించాను. ఆ సగానికే ఆయన, "బాబ్జీ మోసం చేశాడు, ఆ గ్లాసు తిరిగి ఇచ్చేయాలి" అంటున్నారు. తాగిన గ్లాసు ఎలా తిరిగిస్తారని అడిగాను. అరుగు మీద కూర్చుని ఇంకా ఆలోచిస్తున్నారు. ఎదురింటావిడ ఏమిటని అడిగితే కోర్టు వ్యవహారమని చెప్పాను, అది అబద్ధం కాదు, ఉత్తరం కోర్టు గుమాస్తా తెచ్చాడు కదా.

నా మాట మాత్రం వేరు. ఆ మనిషి నిజంగా నాలుకతో చెప్పగలడో లేదో నీ పందెంలో తేలలేదు. తేలని లెక్క నీ పుస్తకంలో ఉంటే నీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. కాపురానికొచ్చిన రోజే నువ్వు మా ఇంట్లో చెంచాలు లెక్కపెట్టడం నేను చూశాను. తొమ్మిదే ఉన్నాయి, పదోది మంచం కింద దొరికింది.

వాడి షుగరు ఎంతో రాయి. ఈసారి చీటీ వద్దు, ఉత్తరంలోనే రాయి.

రజని


మచిలీపట్నం
23 డిసెంబరు, సోమవారం

ఈ రోజు పనులు: ముగ్గు. సజ్జబూరెలకి పిండి ఆరబెట్టడం. బియ్యం డ్రమ్ము ఖాళీ చేసి తుడవడం. చీటీలు ఇకనుంచి రెండు కొలతల్లో కత్తిరించడం.

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడి షుగరు ఈ ఉదయం నూట నలభై రెండు. సున్నుండల డబ్బా తాళం ఇంకా నా దగ్గరే ఉంది. లక్ష్మయ్యగారికి మాత్రం రెండు ఇచ్చాను, మేకకి ఇవ్వొద్దని చెప్పి.

నిన్న సాయంత్రం దయామణిగారు వచ్చారు. నిన్న చర్చి నుంచి రాగానే మధ్యాహ్నం కొయ్యింగ చేప వేయించి, పక్కన ఉల్లిపాయ ముక్కలు పెట్టారట. ఆ ముక్కల్ని ముందురోజు రాత్రే మూడో సీసా వెనిగర్లో నానబెట్టారు. ఆ సంగతి బాబ్జీ అన్నయ్యగారికి తెలియదు. వంటింట్లో సీసా లేదు, బిరడా లేదు, కాగితం లేదు.

ఆయన రెండు ముద్దలు తిన్నారట. మూడో ముద్దకి ఉల్లిపాయ ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయారట.

"దయా."

"ఊఁ."

"ఇది ఎనభై ఆరు."

"ఉల్లిపాయకి సంవత్సరం ఏంటండీ?"

ఆయన కళ్లు మూసుకుని ఇంకోటి నమిలి, "పులిసినా అదే. అడుగున నేరేడు ఉంది. ఆ ఏడాది సరుకు మొదట్లో చాలా వగరు, ఎవరూ కొనేవాళ్లు కాదు. ఉంచితే మంచిదవుతుందని నేను కొన్నాను. మళ్లీ వెనక్కి ఇచ్చేద్దామని కూడా అనుకోలేదు" అన్నారట. అంటూనే తను ఏం ఒప్పుకున్నారో అర్థమై, తలెత్తకుండా చేపముల్లు ఏరుకుంటూ కూర్చున్నారట.

"సీసా గురించే చెబుతున్నారా?" అని ఈవిడ అడిగితే, "మొదట సీసా గురించే మొదలుపెట్టాను" అన్నారట.

ఈవిడ మారు వడ్డించారు. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదట. మిగిలిన ముక్కలు ఒక గిన్నెలో నాకు తెచ్చి ఇచ్చారు. ధనుర్మాసం అయినా ఉల్లిపాయ తప్పు కాదు కాబట్టి ఒకటి తిన్నాను. నాకు ఉల్లిపాయలానే ఉంది. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేశాను.

మీ హుండీ సంక్రాంతి తర్వాత తీస్తే ఆ చీటీ తీసుకోకండి. స్వామి దగ్గరే ఉండనివ్వండి.

రాత్రి పుస్తకంలో ఆఖరి వరస రాశాను, మీకు కూడా రాస్తున్నాను.

బాబ్జీ అన్నయ్యగారు, నాలుకతో ఒక సంవత్సరం. 22-12-2024 మధ్యాహ్నం, ఉల్లిపాయ ముక్క మీద. చెల్లు.

మీ మరదలు
రాధాకుమారి